శౌరమ్మ టీచరు వెతికిన పాఠాలు

పోయిన ఆదివారం ఆత్మకూరులో మా కాథలిక్కు గుడి పక్కనున్న హాల్లో పిల్లలకు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెప్పడానికి కూర్చున్నాను. పూజ అప్పుడే ముగిసింది. ఆర్పిన కొవ్వొత్తుల పొగ ఇంకా తలుపు దగ్గర తచ్చాడుతోంది. మనవడి కోసం వెనక కూర్చున్న ఒక అవ్వ కొంగు ముడిలోంచి నొప్పుల బామ్ డబ్బీ తీసి కణతలకు రాసుకుంది. ఆ ఘాటు వాసన ఫ్యాను గాలికి నా దాకా వచ్చేసరికి చెబుతున్న మాట ఆగిపోయింది. పిల్లలు నా ముఖంలోకి చూశారు. శౌరమ్మ టీచరు ఫోను చేతిలోకి తీసుకునే ముందు అచ్చం అలాగే రాసుకునేవారు. "దీంట్లోకి చూడాలంటే ముందు తలకాయను సిద్ధం చేసుకోవాల నిర్మలా" అనేవారు. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి కొంతకాలమైంది. నేను ఈ రోజు ఈ హాల్లో కూర్చుని పాఠం చెబుతున్నానంటే అది ఆవిడ చలవే. ఆవిడను ఎరగని వాళ్ల కోసం నాలుగు మాటలు రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఆవిడది ఉదయగిరి. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యారు. పొట్టిగా, చామనఛాయగా ఉండేవారు. గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపించేది. బస్టాండులో సిగరెట్టు కాలుస్తున్న కండక్టరు ఆవిడ కనబడితే దాన్ని కాలికింద వేసి నలిపేవాడు. వాడికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. మా వైపు క్రైస్తవులంటే ఎక్కువమంది బాప్టిస్టులే. కాథలిక్కులం కొద్ది కుటుంబాల వాళ్లం. ఆదివారం పూజకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా ఆటోల్లో వస్తారు. పూజ అయ్యాక గుడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టి జపాలు, దేవుని ఆజ్ఞలు, జ్ఞానస్నానం లాంటి సంస్కారాలు నేర్పే పని ఎన్నో ఏళ్లుగా టీచరు గారిదే. నేనూ ఆ వరండాలో కూర్చుని నేర్చుకున్నదాన్నే.

కరోనా రోజుల్లో గుడి తలుపులు మూతపడ్డాయి. నేను డిగ్రీ ముగించి, టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. ఒక రోజు మా విచారణ, అంటే మా పారిష్, ఫాదర్ గారు ఫోన్ చేశారు. "నిర్మలా, టీచరమ్మ పిల్లలకు ఫోన్లో పాఠాలు పంపాలంటున్నారు. నువ్వు కాస్త తోడుండమ్మా" అన్నారు. అలా ఆవిడ ఇంటి మిద్దె మీదికి చేరాను. కొండ అడ్డం వల్ల వాళ్ల వీధిలో సిగ్నలు సరిగా అందేది కాదు. మిద్దె ఎక్కి తూర్పు పిట్టగోడ దగ్గర కూర్చుంటేనే వీడియోలు ఆగకుండా నడిచేవి. చెల్లెలి కొడుకు కొనిచ్చిన కొత్త ఫోను నా చేతికిచ్చి, "కాథలిక్కు బిడ్డల పాఠాలు అని కొట్టి చూడు, ఏమన్నా ఉండాయేమో" అన్నారు. కొట్టాను. పాటలు, ప్రసంగాలు, బొమ్మల కథలు, జపమాల వీడియోలు, ఒకటి కిందకు జరిపితే ఇంకొకటి వస్తూనే ఉన్నాయి. ఆవిడ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంతమంది చెప్పేవాళ్లు ఉండారా! నేనొక్కదాన్నే అరుస్తా ఉండాననుకున్నానే ఇన్నాళ్లూ" అని చిన్నపిల్లలా నవ్వారు.

నా పద్ధతి నాకుండేది. పేరు బాగుంటే, మొదట్లో కాస్త చూసి పిల్లల వాట్సాప్ గ్రూపులో పంపేద్దామనేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ప్రతిదీ మొదటి నుంచి చివరి దాకా చూడాల్సిందే. "వంకాయలు కొనేటప్పుడైనా తిప్పి చూస్తావు గదా. బిడ్డల చెవుల్లో పోసేదాన్ని చూడకుండానే పంపిస్తావా?" అనేవారు. చెబుతున్నది ఎవరు, ఏ విచారణ వాళ్లు, మేత్రాణుల, అంటే బిషప్పు గారి, అనుమతి ఉన్నదా అని అడిగేవారు. ఒకాయన ఒక జపం చెప్పి, దీన్ని పదిమందికి పంపిస్తే కోరింది జరుగుతుందని, పంపకపోతే కీడు తప్పదని కళ్లు పెద్దవి చేసి చెప్పాడు. టీచరు గారు ఫోను బోర్లించి పెట్టారు. "దేవుణ్ణి పనివాడిని చేసినాడు, బిడ్డల్ని బెదరగొట్టినాడు. ఇది మనకొద్దు" అన్నారు. ఇంకో చోట ఒక సిస్టర్ కాగితంతో పడవ మడిచి, పళ్లెంలో నీళ్లు పోసి, తుపానులో యేసు నిద్రపోయిన కథ చెప్పింది. వీడియో అంత శుభ్రంగా కూడా లేదు, మధ్యలో ఎక్కడో కోడి కూస్తోంది. టీచరు గారు దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. ఆ వారం మా గ్రూపునిండా కాగితప్పడవల ఫోటోలే. ఒకడు వాళ్ల ఇంటి గొర్రెల నీళ్ల తొట్టిలో వదిలాడు.

గుడి తెరిచాక కూడా మా మిద్దె మీది వెతుకులాట ఆగలేదు. ఒక ఆదివారం కిరణ్ అనే పిల్లవాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. బళ్లో వాడి బాప్టిస్టు స్నేహితుడు "మీరు బొమ్మలకు మొక్కుతారు, మరియమ్మను దేవుణ్ణి చేసినారు" అన్నాడట. వీడికి బదులు చెప్పడం చేతకాలేదు. నాకు పౌరుషం వచ్చింది. సాయంత్రం వెతికి ఒక వీడియో పట్టుకున్నాను. అందులో ఒకాయన బైబిలు వాక్యాలు వరసగా చెబుతూ అవతలి వాళ్లను చీల్చి చెండాడేశాడు. చూస్తుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. టీచరు గారు చివరి దాకా కదలకుండా చూశారు.

"బాగా చెప్పినాడు గదా టీచర్?" అన్నాను.

"వాక్యాలు బాగానే చెప్పినాడు. దీన్ని చూసి కిరణ్ రేపు బడికి పోయి ఏం చేస్తాడు?"

"బదులు చెప్తాడు."

"కొట్లాడతాడు. నిర్మలా, పోయినేడు నాకు జొరమొచ్చి లేవలేకపోతే గంజి కాచి తెచ్చి తాపింది ఎవురు? మా పక్కింటి బాప్టిస్టు పాస్టరు గారి భార్య. ఈయన తిట్టే మనిషి ఆమే గదా. ఆమెను తిట్టించి నా బిడ్డలకు విశ్వాసం నేర్పాల్నా?"

ఆవిడ ఫోను మళ్లీ నా చేతిలో పెట్టి, "మన శ్రీసభ ఏం చెప్తా ఉండాదో అది వెతుకు. ఎదుటోళ్ల తప్పులు కాదు" అన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్లి కాథలిక్కు సభ అధికారికంగా పెట్టిన బోధన వెతికాను. అది ఇంగ్లీషులో, గట్టి మాటల్లో ఉంది. మర్నాడు ఇద్దరం కూర్చుని పిల్లల తెలుగులోకి దించుకున్నాం. ఆదివారం టీచరు గారు కిరణ్‌ను పిలిచి, "నీకు పరీక్ష ఉంటే మీ అవ్వను నా కోసం జపం చెయ్యవ్వా అని అడుగుతావా లేదా?" అన్నారు. అడుగుతానన్నాడు. "అడిగినంత మాత్రాన అవ్వ దేవుడైపోయిందా? మరియమ్మను అడిగేదీ అట్టనే. ఆరాధించేది దేవుణ్ణి ఒక్కణ్ణే. నీ స్నేహితుడు అడిగితే మెల్లగా చెప్పు. వాడు ఒప్పుకోకపోయినా వాడితో ఆడుకో" అన్నారు. కిరణ్ ముఖం తేటపడింది. వాళ్లిద్దరూ ఇప్పటికీ స్నేహితులే.

ఆవిడను తలుచుకున్నప్పుడల్లా అన్నిటికన్నా ముందు నాకు గుర్తొచ్చేది లూర్దు. దుత్తలూరు దగ్గరి పల్లె పిల్ల. పుట్టుకతోనే వినికిడి లేదు. దూరాన ఎక్కడో బధిర పిల్లల బళ్లో, హాస్టల్లో ఉండి చదువుకునేది. వేసవి సెలవులకు ఇంటికొచ్చేది. వాళ్ల నాయన బేల్దారి మేస్త్రి, మాటలు తక్కువ. ఆ ఏడు లూర్దు తమ్ముడు మొదటి సత్ప్రసాదానికి, అంటే పూజలో ఫాదరు ఇచ్చే అప్పాన్ని యేసు శరీరంగా తొలిసారి అందుకోవడానికి, సిద్ధమవుతున్నాడు. లూర్దు వాడికన్నా పెద్దది, కానీ దానికి ఇంకా కాలేదు. జపాలు అప్పజెప్పలేని పిల్లను ఎవరూ ఆ వరసలో కూర్చోబెట్టలేదు. ఒక ఆదివారం సత్ప్రసాదం పంచుతున్నప్పుడు ఆ పిల్ల లేచి, అందరితోపాటు నడిచి వచ్చి, చేయి మీద చేయి పెట్టి చాచింది. ఫాదర్ గారు ఒక క్షణం తడబడి, తల మీద చేయి పెట్టి దీవించి పంపించారు. లూర్దు కదలలేదు. చాచిన చేతులు అలాగే పెట్టుకుని నిలబడింది. వెనక నుంచి వాళ్లమ్మ వచ్చి భుజం పట్టుకుని తీసుకెళ్లింది. వెళ్తూ ఖాళీ అరచేతుల వైపు చూసుకుంది ఆ పిల్ల. పాట పాడుతున్న టీచరు గారి గొంతు అక్కడే తెగిపోయింది.

పూజ అయ్యాక వరండాలో మాటలు జరిగాయి. గుడిపెద్ద చిన్నప్ప గారు చెడ్డమనిషి కాదు. పద్ధతి తప్పకూడదనే మనిషి. "జపం రాని బిడ్డకు ఎట్ట ఇస్తారు టీచరమ్మా? ఏం తీసుకుంటా ఉండాదో దానికి తెలియాల గదా" అన్నాడు.

"తెలియాల. నేర్పితే తెలుస్తుంది" అన్నారు టీచరు.

"ఎట్ట నేర్పుతారు? దానికి చెవులే లేవే!"

"కళ్లుండాయి గదయ్యా."

ఫాదర్ గారు ఇద్దరి మాటా విన్నారు. "మామూలు అప్పానికీ సత్ప్రసాదానికీ తేడా ఆ బిడ్డ గ్రహిస్తే నాకు చాలు. పలకాల్సిన పనిలేదు. సెలవులు ముగిసేలోగా సిద్ధం చేయగలరా?" అన్నారు. టీచరు గారు చేస్తానన్నారు. మెట్లు దిగుతూ నా చేయి గట్టిగా పట్టుకుని, "మాటైతే ఇచ్చినాను. ఎట్టనో నాకేం తెలవదు. రా, మిద్దె మీదికి పోదాం" అన్నారు.

ఆ సాయంత్రం బధిరులకు సత్యోపదేశం అని ఎన్ని రకాలుగా కొట్టానో! ఒక విదేశీ వీడియో దొరికింది. వెలుగు, రంగులు, సర్దిన బల్ల, తెల్లటి వస్త్రాలలో ఒక ఫాదరు, ఎంతో అందంగా చేతులు కదుపుతూ పరలోక జపం చెబుతున్నారు. మాకిద్దరికీ కళ్లు చెమర్చాయి. మర్నాడే లూర్దును పిలిపించి చూపించాం. మర్యాదగా చివరి దాకా చూసింది. తర్వాత మా ఇద్దరి ముఖాల్లోకి చూసి తల అడ్డంగా ఊపింది. మాకు అర్థం కాలేదు. మళ్లీ పెట్టాను. అప్పుడా పిల్ల వీడియోలో ఫాదరు ఒంటి చేత్తో చూపించే అక్షరాన్ని ఆపించి, తన రెండు చేతులూ కలిపి అదే అక్షరాన్ని వేరేగా చేసి చూపించింది. వాళ్ల చేతుల భాష వేరు, ఇక్కడి చేతుల భాష వేరు. దేశానికొక మాట ఉన్నట్టే దేశానికొక సైగల భాష ఉంటుందని ఆ రోజు దాకా మాకు తెలియదు. నేను నీరుగారిపోయాను. టీచరు గారు మాత్రం లూర్దు వీపు తట్టారు. "చూసినావా, మనకు తెలవంది బిడ్డ చెప్పింది. ముందు దీన్ని అడక్కుండా మనం వెతికినాం. ఇంక ఇదే మనకు గురువు" అన్నారు.

ఆ తర్వాత భారతీయ సైగల భాష అని చేర్చి వెతికాను. రెండు మూడు రోజులు ఏమీ దొరకలేదు. చివరికి ఒక చిన్న చానెల్ కనబడింది. చూసేవాళ్లు ఎక్కువమంది లేరు. బోసి గోడ ముందు ఒక సిస్టర్ నిలబడి జపాలు, పూజలోని భాగాలు, సత్ప్రసాదం గురించి పాఠాలు చేతులతో చెబుతోంది. కింద ఇంగ్లీషు అక్షరాలు. లూర్దు చూసిన వెంటనే లేచి నిలబడింది. ఫోనుకు దగ్గరగా జరిగి సిస్టర్‌తో పాటు చేతులు కదపడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వేళ్లు అంత వేగంగా కదలడం మేం ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఎవరికీ రాని భాష కదా, ఎవరితో మాట్లాడుతుంది! వీడియో కింద నేను ఒక మాట రాశాను. మేం ఎవరం, ఎందుకు చూస్తున్నామో చెప్పాను. మర్నాడు సిస్టర్ జవాబిచ్చింది. ఇంకో రెండు రోజులకు వీడియో కాల్ చేసింది. ఆమెకు తెలుగు రాదు, టీచరు గారికి సైగలు రావు, లూర్దుకు మా మాట వినబడదు, నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఆ సాయంత్రం మిద్దె మీద అందరం బ్రహ్మాండంగా మాట్లాడుకున్నాం.

ఇక రోజూ పాఠమే. నేను ఇంగ్లీషు మాటలకు తెలుగు చెప్పేదాన్ని. లూర్దు సైగ చేసి చూపించేది. బిరుసెక్కిన వేళ్లతో టీచరు గారు, పక్కనే నేనూ నేర్చుకునేవాళ్లం. పరలోక జపంలో 'తండ్రి' దగ్గర లూర్దు పెదవి పైన మీసం దిద్దినట్టు చూపించింది. టీచరు గారు అదిరిపడ్డారు.

"ఏందిది, దేవుడికి మీసమా?"

"నాయన అనేదానికి వాళ్ల సైగ అదే టీచర్" అన్నాను.

"అట్టనా! సరే, నాయనే గదా, ఉంటే ఏం పోయిందిలే" అని ఆవిడ మెలితిప్పి చూపించారు. తిప్పడం మరీ ఎక్కువై పోలీసులా కనబడ్డారేమో, లూర్దు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పెద్దగా, గరుకుగా, హద్దు లేకుండా వచ్చింది. కింద వీధిలో నడిచేవాళ్లు తలెత్తి చూశారు. బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల నాయన మిద్దె మెట్ల మీద నిలబడిపోయాడు. తన కూతురు ఎవరితోనైనా అలా నవ్వడం ఆయన ఇంతకుముందు చూడలేదట. మెల్లగా పైకొచ్చి, ఒక పక్కన కూర్చుని, టీచరు గారితో, "అమ్మా, అన్నం తిన్నావా అనేది ఎట్ట అడగాల?" అన్నాడు. నేను పలక మీద రాసి చూపితే లూర్దు సైగ చేసింది. సిమెంటుకు పగుళ్లిచ్చిన ఆ చేతులు అదే సైగను మళ్లీ చేశాయి. ఆ పిల్ల నాయన వైపు చూసిన చూపు నేను మాటల్లో పెట్టలేను.

సెలవులు ముగిసే ముందు ఫాదర్ గారు వచ్చారు. చిన్నప్ప గారూ వచ్చి చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. ఫాదర్ గారు అడగడం, టీచరు గారు సైగ చేయడం, లూర్దు జవాబును నేను పలకడం. ఎక్కడైనా అనుమానం వస్తే పిల్ల పలక మీద రాసేది. ఇంట్లో తినే అన్నానికీ దీనికీ తేడా ఏమిటని ఫాదర్ గారు అడిగారు. లూర్దు పలక పక్కన పెట్టింది. తర్వాత చేతులు కదిపింది. మొదటిసారి నాకు సరిగా అందలేదు. మళ్లీ చేయమన్నాను. మెల్లగా చేసింది. నేను చెప్పాను. "అన్నం తింటే ఆకలి పోతుంది. ఇది యేసు. హాస్టల్లో నా భాష అందరికీ వస్తుంది, కానీ అక్కడ అమ్మ లేదు. ఇంట్లో అమ్మ ఉంది, కానీ నా భాష రాదు. యేసుకు నా భాష వచ్చు. రెండు చోట్లా నాతో ఉంటాడు."

ఫాదర్ గారు ఇంకో ప్రశ్న అడగలేదు. చిన్నప్ప గారు కట్టుకున్న చేతులు విప్పి, పైగుడ్డతో ముఖం తుడుచుకుని, "టీచరమ్మా, ఆ నాయన అనేది ఎట్టనో నాకూ ఒకసారి చూపించండి" అన్నాడు.

తమ్ముడి పక్కన నిలబడి లూర్దు మొదటి సత్ప్రసాదం స్వీకరించింది. పరలోక జపం దగ్గర టీచరు గారు సైగలు నేర్పిన వరండా పిల్లలంతా నోటితోపాటు చేతులతోనూ చెప్పారు. ఈసారి చాచిన లూర్దు చేతులు ఖాళీగా వెనక్కి రాలేదు. బలిపీఠానికి దగ్గరలో కూర్చున్న టీచరు గారు ఏడవలేదు, నవ్వలేదు. పిల్లలు తప్పు సైగ చేస్తున్నారేమోనని కళ్లద్దాల పైనుంచి కాపలా కాస్తూ ఉన్నారు.

నా పెళ్లయి ఆత్మకూరు వచ్చేసేటప్పుడు ఆవిడ బస్టాండుకు వచ్చారు. "ఆడ కూడా బిడ్డలుంటారు. ఫోనుండాది గదా అని దానికి ఒప్పజెప్పి కూర్చోబాకు. నువ్వు పోయి పక్కన కూర్చో" అన్నారు. తర్వాత గుండె జబ్బు ఆవిడను మంచం మీద పెట్టింది. చూడటానికి వెళ్లినప్పుడు నీరసంగా ఉన్నా, ఎవరో కొత్తగా పెట్టిన పిల్లల పాఠం గురించే అడిగారు. చివరి దాకా చూశావా అన్నారు. చూశానన్నాను. నమ్మినట్టు తల ఊపారు. లూర్దు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ సిస్టర్ దగ్గర నేర్చుకుని, తెలుగు అక్షరాలు కింద వచ్చేలా తనే సైగల పాఠాలు తయారు చేసి పెడుతోంది. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల నాయనే ఫోను పట్టుకుని తీస్తాడు. చేయి వణక్కుండా పట్టుకోవడం మేస్త్రికి వేరే నేర్పాలా!

ఈ ఆత్మకూరులో నా దగ్గరికి పిల్లలే కాదు, పెద్దవాళ్లూ వస్తారు. మొన్నీమధ్య మరియమ్మ అనే ఆమె వచ్చింది. మేకలు మేపుకుంటుంది. పసితనంలో జ్ఞానస్నానం అయింది కానీ, ఆ తర్వాత గుడి ముఖం చూడలేదు. ఇప్పుడు మనవరాలితో పాటు తనూ సత్ప్రసాదం తీసుకోవాలని ఆశ. చదువు రాదు. హాల్లో కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, "నువ్వు ఫోన్లో దేవుడి పాఠాలు చూపిస్తావంట గదమ్మా. నా బుర్రకు ఎక్కుతాయా అవి?" అంది బెరుకుగా. నా సంచిలో ఫోను ఉంది. అందులో ఏరి దాచిన మంచి పాఠాలు చాలా ఉన్నాయి. తప్పిపోయిన గొర్రెను వెతికిన కాపరి కథ కూడా ఉంది.

నేను కుర్చీ పక్కకు జరిపి, చాప పరిచి, ఆమె పక్కన కింద కూర్చున్నాను. "ఎక్కుతాయిలే. ముందు నువ్వు చెప్పు మరియమ్మా, దేవుడి గురించి ఇన్నాళ్లూ నీకు నువ్వే ఏమనుకుంటా ఉండావు?" అన్నాను. ఆమె మొదట సిగ్గుపడింది. తర్వాత మొదలుపెట్టింది. ఒంటరిగా మేకల వెంట తిరిగేటప్పుడు పైకి చూసి ఎవరితోనో మాట్లాడే అలవాటు గురించి, కొడుకు పోయిన ఏడాది ఆ మాటలు మానేసిన సంగతి, మనవరాలు పుట్టాక మళ్లీ నోరు తెరిచిన సంగతి, ఒకటొకటిగా చెప్పుకొచ్చింది. బయట ఆటో వాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను. ఆ తర్వాతే సంచిలోంచి ఫోను తీశాను.